స్కూటర్ కంటే చిన్న బ్యాటరీ, 1,275 పీఎస్ కారు: హైబ్రిడ్ సూపర్‌కార్ల అసలు లెక్క

2024 అక్టోబరులో కొద్ది రోజుల తేడాతో రెండు కార్లను లోకానికి చూపించారు. మెక్‌లారెన్ డబ్ల్యూ1 మొత్తం 399 కార్లు, ఫెరారీ ఎఫ్80 మొత్తం 799 కార్లు. రెండూ హైబ్రిడ్లే. చాలామందికి చిక్కుముడి అక్కడే పడుతోంది. విశాఖ రోడ్ల మీద హైబ్రిడ్ అంటే ఇన్నోవా హైక్రాసో, గ్రాండ్ విటారానో. పెట్రోలు తక్కువ తాగుతుందని కొనే బండి. కోట్లు పోసి కారు కొనేవాళ్లకి పెట్రోలు ఖర్చుతో పనేముంది? పైగా బ్యాటరీ అంటే బరువు. పరుగు కోసమే పుట్టిన కారు మీద బరువెందుకు మోపుతారు?

ఇంకో విడ్డూరం ఉంది. డబ్ల్యూ1 బ్యాటరీ సామర్థ్యం 1.384 కిలోవాట్ అవర్లు. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవరే కాబట్టి, అందులో పట్టే కరెంటు ఒకటిన్నర యూనిట్ కూడా లేదు. సిరిపురం సిగ్నల్ దగ్గర మన పక్కనే ఆగే ఏథర్ 450ఎక్స్‌లో పెద్ద ప్యాక్ ఉన్నదానికి 3.7 యూనిట్లు పడతాయి. 1,275 పీఎస్ కారుకి స్కూటర్‌లో సగం కూడా లేని బ్యాటరీ పెట్టారు. కావాలనే పెట్టారు. ఎందుకో అర్థమైతే ఈ కార్ల ఇంజినీరింగ్ చాలావరకు అర్థమైనట్టే.

(పీఎస్ అంటే మన బ్రోచర్లలో కనిపించే మెట్రిక్ హార్స్‌పవర్. ఒక పీఎస్ సుమారు 0.735 కిలోవాట్లు.)

## యూనిట్లు వేరు, కిలోవాట్లు వేరు

బ్యాటరీ గురించి మాట్లాడేటప్పుడు రెండు అంకెలు కలగలిసిపోతుంటాయి. లోపల ఎంత కరెంటు నిల్వ ఉందన్నది ఒకటి. దాన్ని యూనిట్లలో కొలుస్తాం. ఆ కరెంటుని ఎంత జోరుగా బయటికి లాగగలమన్నది రెండోది. దాన్ని కిలోవాట్లలో కొలుస్తాం. ఎంత దూరం పోతామో మొదటి అంకె చెబుతుంది. ఎంత గట్టిగా తోస్తుందో రెండో అంకె చెబుతుంది.

టాటా నెక్సాన్ ఈవీ పెద్ద ప్యాక్ 45 యూనిట్లు, మోటారు 106 కిలోవాట్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఆ మోటారుని అదే పవర్‌లో నడిపితే బ్యాటరీ ఖాళీ కావడానికి సుమారు 25 నిమిషాలు పడుతుంది. ఇదే లెక్క పోర్షా 918 స్పైడర్‌కి వేద్దాం. 6.8 యూనిట్ల బ్యాటరీ, రెండు మోటార్లు కలిపి 210 కిలోవాట్లు. రెండు నిమిషాల లోపే అయిపోతుంది. ఫెరారీ కంపెనీ కారు లాఫెరారీలో 2.3 యూనిట్లు, 120 కిలోవాట్ల మోటారు, కాబట్టి 69 సెకన్లు. మెక్‌లారెన్ డబ్ల్యూ1 మోటారు 347 పీఎస్, అంటే 255 కిలోవాట్లు. 1.384 యూనిట్లు దానికి 19 సెకన్లకి సరిపోతాయి. నిజానికి ఏ కంపెనీ బ్యాటరీని అడుగుదాకా తోడనివ్వదు. పైన కొంత, కింద కొంత వదిలేస్తుంది. కాబట్టి వాస్తవంలో ఇంకా తక్కువ సెకన్లే.

ఈ జోరుని ఇంజినీర్లు సీ-రేటు అంటారు. బ్యాటరీ మొత్తం గంటలో ఖాళీ అయితే 1సీ, అరగంటలో అయితే 2సీ. నెక్సాన్ లెక్క 2.4సీ దగ్గర తేలుతుంది. 918 సుమారు 31సీ, లాఫెరారీ 52సీ. డబ్ల్యూ1కి మోటారు పవరంతా బ్యాటరీ నుంచే రావాలనుకుంటే 180సీ దాటుతుంది.

ఇంత జోరు తట్టుకునే సెల్ లోపల తయారీయే వేరుగా ఉంటుంది. లిథియం సెల్‌లో రాగి రేకు, అల్యూమినియం రేకు, వాటి మీద కరెంటుని పట్టి ఉంచే పదార్థపు పూత ఉంటాయి. పూత మందంగా వేస్తే ఎక్కువ యూనిట్లు పడతాయి. కానీ అయాన్లు ఆ మందం లోపలిదాకా వెళ్లి రావడానికి సమయం పడుతుంది, నిరోధం పెరుగుతుంది. పూత పలచగా వేస్తే అయాన్ల దారి చిన్నదవుతుంది, కరెంటు ఒక్కసారిగా వస్తుంది. బదులుగా అదే పరిమాణంలో రేకులే ఎక్కువ చోటు తినేసి యూనిట్లు తగ్గిపోతాయి. ఈవీ తయారుచేసేవాళ్లు మందపు పూత వైపు వెళ్తే, సూపర్‌కార్ వాళ్లు పలచని పూత వైపు వెళ్తారు.

ఈ రెండు దారుల్లో మొదటి దారి అంచున ఉన్న ఉదాహరణ ఆర్కే బీచ్‌లోనే ఉంది. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర ఒక రకంగా హైబ్రిడ్ వాహనమే. మూడు డీజిల్ ఇంజన్లు, మూడు ఎలక్ట్రిక్ మోటార్లు, మూడు షాఫ్ట్‌లు. నీటిపైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు నింపుకుంటుంది, నీటి కింద మోటార్లతో నడుస్తుంది. గాలి కోసం పైకి రాకుండా గంటల తరబడి ఉండడం దాని అవసరం, అందుకే టన్నుల కొద్దీ బ్యాటరీలు. మన సూపర్‌కార్‌కి కావలసింది కొన్ని సెకన్ల తోపు మాత్రమే.

## 1.4 యూనిట్లు ఎలా చాలతాయి

డ్రైవరుతో కలిపి 1,500 కిలోల కారుని ఆగి ఉన్న చోటు నుంచి గంటకు 200 కిలోమీటర్ల వేగానికి తేవాలనుకుందాం. గంటకు 200 అంటే సెకనుకు 55.6 మీటర్లు. బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే, 750 × 3,086, సుమారు 23 లక్షల జూళ్లు. ఒక యూనిట్ అంటే 36 లక్షల జూళ్లు. అంటే కారుకి అందవలసిన శక్తి దాదాపు 0.64 యూనిట్లే.

గాలి నిరోధం, టైర్ల రాపిడి, మోటారులో పోయేది దీనికి అదనం. అవన్నీ కలిపినా పరుగు మొత్తాన్ని బ్యాటరీయే మొయ్యదు, సింహభాగం పెట్రోలు ఇంజనే మోస్తుంది. డబ్ల్యూ1లో ఇంజను వాటా 928 పీఎస్, మోటారు వాటా 347 పీఎస్. బ్యాటరీ తన వంతు తోసి, తర్వాతి బ్రేకులోనో, ఇంజను తేలిగ్గా తిరుగుతున్నప్పుడు దాని నుంచో మళ్లీ నింపుకుంటుంది. రేస్ ట్రాక్ మీద ఒక్క ల్యాప్‌లోనే ఇది చాలాసార్లు జరుగుతుంది. కాబట్టి ఇలాంటి కారుకి 50 యూనిట్ల బ్యాటరీ పెడితే అందులో 48 యూనిట్లు ఏ పనీ చెయ్యని బరువుగా కూర్చుంటాయి.

ఇంత చిన్న బ్యాటరీకి ఒక ఇబ్బందీ ఉంది. డబ్ల్యూ1 గేర్‌బాక్సులో రివర్స్ గేరు లేదు. ఆ పళ్లచక్రాలు, షాఫ్టు బరువు మిగుల్చుకుని, వెనక్కి వెళ్లడానికి మోటారునే తిరగేసి తిప్పుతారు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే కారు వెనక్కి కదలదు. అందుకని ఇంజను స్టార్ట్ చెయ్యడానికి, రివర్స్‌కి సరిపడా ఛార్జిని సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ పక్కన పెడుతుంది. ట్రాక్ మీద ఎంత గట్టిగా తొక్కినా ఆ వాటాని ముట్టనివ్వదు.

## టర్బో పుంజుకునేలోపు

మోటారు ముఖ్యమైన పని గరిష్ఠ పవర్ పెంచడం అనుకుంటారు. దాన్ని నడిపేవాళ్లకి తెలిసే పెద్ద లాభం వేరే చోట ఉంది. టర్బో ఇంజన్‌లో పొగ గొట్టం నుంచి వచ్చే వేడి వాయువులు టర్బైన్‌ని తిప్పుతాయి, అది గాలిని నొక్కి ఇంజన్లోకి తోస్తుంది. ఎక్కువ పవర్ కావాలంటే టర్బో పెద్దది కావాలి. పెద్ద టర్బైన్ తిరగడం అందుకోవడానికి సమయం కావాలి. యాక్సిలరేటర్ తొక్కాక కారు ఒక్క క్షణం ఆలోచించి అప్పుడు దూకుతుంది.

మోటారుకి ఈ ఆలస్యం లేదు. కరెంటు అందిన వెంటనే టార్క్ (తిప్పే బలం) వస్తుంది. 2013లో వచ్చిన మెక్‌లారెన్ పీ1లో 3.8 లీటర్ల వీ8కి పెద్ద టర్బోలు పెట్టి, అవి పుంజుకునేదాకా వచ్చే లోటుని 179 పీఎస్ మోటారుతో పూడ్చారు. ఇంజనీర్ల మాటల్లో ఇది టార్క్ ఫిల్. మోటారు ఉంది కాబట్టే అంత పెద్ద టర్బో పెట్టే ధైర్యం వచ్చింది. అదే మోటారు గేరు పైకి మార్చేటప్పుడు ఇంజను తిరుగుడిని వెనక్కి పట్టి తగ్గిస్తుంది, దాంతో గేరు ఇంకా త్వరగా పడుతుంది.

లాఫెరారీలో టర్బోలే లేవు. 6.3 లీటర్ల వీ12, 9,000 ఆర్పీఎం దగ్గర 800 పీఎస్. అక్కడా ఇదే కథ వేరే రూపంలో నడిచింది. కింది ఆర్పీఎంలో మోటారు తోస్తుంది కాబట్టి ఇంజన్ని పూర్తిగా పై ఆర్పీఎం కోసం మలుచుకున్నారు. ఈ తరం కార్లన్నిటిలోనూ నాకు అన్నిటికంటే తెలివైన పనిగా కనిపించేది ఇదే. మోటారుని ఇంజను పక్కన తెచ్చి తగిలించలేదు, మోటారు ఉంటుందని ముందే లెక్కలోకి తీసుకుని ఇంజన్ని డిజైన్ చేశారు.

## 608, 156, 129 కలిపితే 887 ఎలా

918 స్పైడర్ బ్రోచర్‌లో ఇంజను 608 పీఎస్, వెనక మోటారు 156, ముందు మోటారు 129. కూడితే 893. కంపెనీ చెప్పే మొత్తం 887. తప్పు కూడిక కాదు. ఇంజను గరిష్ఠ పవర్ 8,700 ఆర్పీఎం దగ్గర వస్తే, మొత్తం వ్యవస్థ గరిష్ఠం 8,500 దగ్గర వస్తుంది. ఒక్కొక్కటి ఒక్కో చోట శిఖరం అందుకుంటుంది, అన్ని శిఖరాలూ ఒకే క్షణంలో కలవవు. పీ1లో 737, 179 కూడితే సరిగ్గా 916 వస్తుంది. లాఫెరారీలో 800, 163 కలిస్తే 963. కాబట్టి కూడిక పనికొస్తుందా లేదా అన్నది కారు కారుకీ మారుతుంది.

టార్క్ అంకె దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 918కి 1,280 న్యూటన్ మీటర్లు అని రాస్తారు. ముందు మోటారు ఇంజను క్రాంక్‌షాఫ్ట్‌కి (ఇంజను తిప్పే ప్రధాన ఇరుసుకి) తగిలి ఉండదు, నేరుగా ముందు చక్రాలని తిప్పుతుంది. దాని టార్క్‌ని క్రాంక్‌షాఫ్ట్ దగ్గర ఉన్నట్టుగా మార్చి కూడాలంటే వెనక గేరు నిష్పత్తితో భాగించాలి. పై గేరులో ఆ నిష్పత్తి చిన్నది, కాబట్టి భాగిస్తే వచ్చే అంకె పెద్దది. గేరు మారితే మొత్తం టార్క్ అంకె కూడా మారిపోతుందన్నమాట. రెండు హైబ్రిడ్ల టార్క్ పక్కపక్కన పెట్టి పోల్చేముందు అది ఏ గేరులో లెక్కో చూసుకోవాలి.

## మోటారు ఎక్కడ పెట్టాలి

ఈ విషయంలో కంపెనీల దారులు నిజంగానే వేరు. పీ1, లాఫెరారీ, డబ్ల్యూ1 మూడింటిలోనూ మోటారు వెనక చక్రాలకే తోడు. ముందు చక్రాలు స్టీరింగ్ పని మాత్రమే చేస్తాయి. బరువు తగ్గుతుంది, రోడ్డు స్పర్శ స్టీరింగ్‌లో చెదరకుండా అందుతుంది. ఎఫ్80, మెర్సిడీస్-ఏఎంజీ వన్‌లలో ముందు చక్రాలకి ఒక్కోదానికి ఒక్కో మోటారు పెట్టారు. బయటి చక్రాన్ని ముందుకు తోసి లోపలి చక్రాన్ని వెనక్కి పడితే కారు మలుపులోకి తిరుగుతుంది. రెండు చక్రాల మధ్య 1.6 మీటర్లు ఉండి, ఒక వైపు 1,000 న్యూటన్లు ముందుకి, మరో వైపు 1,000 న్యూటన్లు వెనక్కి పనిచేస్తే 1,600 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం పుడుతుంది. తడిసిన బీచ్ రోడ్డు లాంటి చోట నాలుగు చక్రాలూ తోయడం ఎంత నయమో వేరే చెప్పక్కర్లేదు. పొడి ట్రాక్ మీద మాత్రం ఆ అదనపు బరువు లాభమా నష్టమా అన్నది ఇంకా తేలని వాదన.

918 మధ్యస్థంగా ఉంటుంది. ముందు ఒకే మోటారు, దానికి ఒకే గేరు నిష్పత్తి. తక్కువ వేగంలో బాగా లాగేలా ఆ నిష్పత్తి పెట్టడంతో గంటకు 265 కిలోమీటర్లు దాటితే మోటారు అతిగా తిరుగుతుంది. అందుకే ఆ వేగం దగ్గర క్లచ్ దాన్ని చక్రాల నుంచి విడదీస్తుంది. ఆపైన 918 వెనక చక్రాల కారే.

స్వీడన్‌కి చెందిన కోనిగ్‌సెగ్ అన్నిటికంటే తెగించింది. 80 కార్లకే పరిమితమైన రెగెరాలో మామూలు గేర్‌బాక్సే లేదు. 2.73 నిష్పత్తితో ఇంజను నేరుగా వెనక చక్రాలకి కలుస్తుంది. తక్కువ వేగంలో మూడు మోటార్లు లాగుతుంటే హైడ్రాలిక్ కప్లింగ్ జారుతూ ఉంటుంది, వేగం పెరిగాక గట్టిగా పట్టుకుంటుంది.

## బ్రేకు వేస్తే ఎంత తిరిగొస్తుంది

చక్రమే మోటారుని తిప్పేలా చేస్తే ఆ మోటారే జనరేటర్. కారు నెమ్మదిస్తుంది, కరెంటు వెనక్కి వస్తుంది. 1,700 కిలోల కారు గంటకు 200 నుంచి 80కి తగ్గితే విడుదలయ్యేది సుమారు 0.61 యూనిట్లు. అంతా పట్టుకోవచ్చా?

210 కిలోవాట్ల మోటార్ల పూర్తి సత్తా వాడినా, గంటకు 200 దగ్గర అవి ఇవ్వగల బ్రేకు బలం 3,780 న్యూటన్లు. గురుత్వాకర్షణతో పోలిస్తే 0.23 రెట్లు, అంటే 0.23జీ. ట్రాక్ మీద గట్టి బ్రేకు 1జీ దాటుతుంది. మిగతాదంతా డిస్కుల్లో వేడిగా పోవలసిందే. వేగం 90కి పడ్డాక అదే 210 కిలోవాట్లు దాదాపు 0.5జీ ఇవ్వగలవు. మోటార్లతోనే 0.5జీ దాకా బ్రేకు వస్తుందని పోర్షా చెప్పిన మాటని ఈ వెలుగులో చదవాలి. ఊళ్లో డ్రైవింగ్‌కి అది చాలా ఎక్కువ, ట్రాక్ మీద పెద్ద వేగాల దగ్గర చాలదు.

కొండ దిగేటప్పుడు లెక్క ఇంకోలా ఉంటుంది. సింహాచలం ఘాట్ లాంటి రోడ్డు మీద 200 మీటర్ల ఎత్తు దిగితే అదే కారులో 0.93 యూనిట్లు విడుదలవుతాయి. నెమ్మదిగా, ఎక్కువసేపు విడుదలవుతాయి కాబట్టి టైర్ల రాపిడి పోగా మంచి వాటా పట్టుకోవచ్చు. 1.4 యూనిట్ల బ్యాటరీ సగం నిండి ఉంటే దిగువకి చేరేలోపే నిండిపోవచ్చు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మోటారు బ్రేకుని తగ్గించి డిస్కులకి అప్పజెప్పాలి.

ఈ అప్పజెప్పడమే కష్టం. పెడల్ మీద ఒకే ఒత్తిడికి ఒకసారి మోటారు, ఒకసారి డిస్కు, ఒకసారి రెండూ పనిచేస్తుంటే పాదానికి తేడా తెలిసిపోతుంది. పీ1లో మెక్‌లారెన్ ఈ పనే వద్దనుకుంది. బ్రేకు పెడల్ స్పర్శ చెడుతుందని బ్రేకు నుంచి కరెంటు తీయలేదు, బ్యాటరీని ఇంజనుతోనే నింపింది. పోర్షా మాత్రం పట్టుబట్టి రెండింటినీ కలిపింది. ఎవరిది సరైన నిర్ణయమన్నది కారుని ఎక్కడ నడుపుతారన్నదాని మీద ఉంటుంది.

## అసలు శత్రువు వేడి

918 బ్యాటరీ సుమారు 385 వోల్టులు. 210 కిలోవాట్లు లాగితే 545 ఆంపియర్లు పారతాయి. ప్యాక్ లోపలి నిరోధం 0.05 ఓమ్ అనుకుంటే వేడిగా పోయేది కరెంటు వర్గం ఇంటు నిరోధం, దాదాపు 15 కిలోవాట్లు. 3 కిలోవాట్ల గీజర్లు ఐదు ఒకేసారి వేసినట్టు.

పది సెకన్లపాటు ఒక్కసారి తొక్కితే 1.5 లక్షల జూళ్లు. 100 కిలోల ప్యాక్ అయితే ఉష్ణోగ్రత సుమారు 1.5 డిగ్రీలు పెరుగుతుంది. భయపడాల్సిందేమీ లేదు. కానీ ల్యాప్‌కి ఎనిమిది సార్లు చొప్పున ఐదు ల్యాపులు వేస్తే, చల్లార్చే ఏర్పాటు లేకపోతే 60 డిగ్రీలు పెరుగుతుంది. నింపేటప్పుడు పుట్టే వేడి దీనికి అదనం. లిథియం సెల్స్ 55–60 డిగ్రీలు దాటడం మంచిది కాదు. అందుకే ప్యాక్ వేడెక్కే కొద్దీ సాఫ్ట్‌వేర్ మోటారు పవర్ కోస్తుంది. మొదటి ల్యాప్‌లో ఉన్న ఊపు ఐదో ల్యాప్‌లో లేదని డ్రైవరుకి అనిపిస్తే ముందుగా అనుమానించవలసింది ఇదే. డీరేటింగ్ అంటారు.

800 వోల్టులకి వెళ్తే వేడి నాలుగో వంతుకి తగ్గుతుందని తరచూ వింటాం. సగమే నిజం. వోల్టేజీ రెట్టింపైతే అదే పవర్‌కి కరెంటు సగమవుతుంది, కేబుళ్లు, కనెక్టర్లలో వేడి నాలుగో వంతవుతుంది. కానీ అవే సెల్స్‌ని పక్కపక్కన కాకుండా ఒకదాని వెనక ఒకటి కలిపి 800 చేసినప్పుడు ఒక్కో సెల్ నుంచి పారే కరెంటు మారదు. సెల్స్ లోపలి వేడి అంతే ఉంటుంది. లాభమంతా కేబుళ్లు సన్నబడటంలో, బరువు తగ్గడంలో.

విశాఖ మే నెలలో నీడలో 36 డిగ్రీలుంటే ఒట్టి రేడియేటర్ బ్యాటరీ నీటిని 36 కంటే కిందికి దించలేదు. ఏసీ గ్యాసుతో నడిచే చిల్లర్ కావాలి. అదే ఏసీ కేబిన్‌నీ చల్లబరచాలి. బయట తేమ ఎక్కువుంటే ఆ తేమని నీరుగా మార్చడానికే ఏసీ సత్తాలో పెద్ద వాటా పోతుంది. యూరప్ వాతావరణంలో పుష్కలంగా అనిపించిన వ్యవస్థ ఇక్కడ ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఇరుకున పడుతుంది.

## 100 కిలోమీటర్లకు 3.1 లీటర్లు నిజమేనా

918కి అధికారిక ఇంధన అంకె 100 కిలోమీటర్లకు 3.1 లీటర్లు. మన లెక్కలో లీటరుకి 32 కిలోమీటర్లు. 887 పీఎస్ కారుకి! అంకె అబద్ధం కాదు, సూత్రం అలాంటిది. అప్పటి యూరప్ పద్ధతిలో ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే కారుని రెండుసార్లు పరీక్షిస్తారు, బ్యాటరీ నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి. నిండుగా ఉన్నప్పుడు కరెంటుతో ఎంత దూరం పోతుందో ఆ దూరం, ఆపైన 25 కిలోమీటర్లు కలిపి సగటు తీస్తారు. కరెంటుతో 25 కిలోమీటర్లు పోయి, ఖాళీ బ్యాటరీతో 100కి 8 లీటర్లు తాగే ఒక కారు అనుకుందాం. మొదటి సగానికి సున్నా, రెండో సగానికి 8, కాబట్టి సగటు 4 లీటర్లు. రోజూ ఛార్జ్ చేసి తక్కువ దూరాలు తిరిగేవాళ్లకి ఇది దగ్గరగానే ఉంటుంది. 918 కరెంటు మీద పోయే దూరం 16 నుంచి 31 కిలోమీటర్లు. ఆర్కే బీచ్ నుంచి భీమిలికి చేరడం కూడా కాలు ఎంత తేలిగ్గా పెట్టారన్నదాని మీదే ఉంటుంది. తిరుగు ప్రయాణం పెట్రోలు మీదే.

## బరువు మీద వాదన

హైబ్రిడ్ వద్దనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2020లో కార్ల డిజైనర్ గోర్డన్ ముర్రే చూపించిన టీ.50 వాళ్ల ప్రధాన సాక్ష్యం. 100 కార్లు, 12,100 ఆర్పీఎం దాకా తిరిగే వీ12, 663 పీఎస్, 986 కిలోలు. టన్నుకి 672 పీఎస్. 918 బరువు 1,674 కిలోలు, టన్నుకి 530. చక్రాలని తోసే మోటారు లేకుండానే టీ.50 పైన ఉంది. బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ అన్నీ తేలిగ్గా ఉండొచ్చు.

మరోవైపు డబ్ల్యూ1 1,399 కిలోల బరువుతో టన్నుకి 911 పీఎస్. అయితే ఇది ద్రవాలు లేకుండా, తేలికైన ఆప్షన్లతో తూచిన అంకె, కాబట్టి పక్కపక్కన పెట్టేటప్పుడు కొంత తగ్గించుకోవాలి. అయినా పదేళ్లలో హైబ్రిడ్ భాగాల బరువు తగ్గింది. పీ1 బ్యాటరీ ఒక్కటే 96 కిలోలు. డబ్ల్యూ1లో మోటారు ఉన్న ఎలక్ట్రిక్ మాడ్యూల్ (బ్యాటరీ కాకుండా) 20 కిలోలు, ఆ మోటారు 24,000 ఆర్పీఎం తిరుగుతుంది. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద 2013లో 918 ల్యాప్ 6 నిమిషాల 57 సెకన్లు. ఏఎంజీ వన్ 2024లో 6 నిమిషాల 29 సెకన్లు. గడియారం హైబ్రిడ్ వైపు ఉంది. చేతికి, పాదానికి అందే స్పర్శ విషయంలో మాత్రం తేలిక కారుని ఇష్టపడేవాళ్ల మాటలో బలముంది.

## ఎందుకు కొన్ని వందలే

అభివృద్ధికి 2,000 కోట్లు ఖర్చయిందనుకుందాం. లక్ష కార్లకి పంచితే కారుకి 2 లక్షలు. 500 కార్లకి పంచితే 4 కోట్లు. మరి ఎక్కువ కార్లు చెయ్యొచ్చుగా? కార్బన్ ఫైబర్ చాసిస్‌ని చేత్తో పరిచి ఆటోక్లేవ్‌లో గంటల తరబడి ఒత్తిడితో వండాలి, రోజుకి వందలు రావు. పైగా అరుదుగా ఉండటమే ధరని నిలబెడుతుంది. 2016లో ఇటలీ భూకంప బాధితుల కోసం అదనంగా తయారుచేసిన 500వ లాఫెరారీ 70 లక్షల డాలర్లు పలికింది.

రేసు ఇంజన్ని రోడ్డుకి తేవడం ఎంత కష్టమో చెప్పడానికి ఏఎంజీ వన్ చాలు. 275 కార్లు, ఫార్ములా వన్ నుంచి వచ్చిన 1.6 లీటర్ల వీ6. రేసులో దాని ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు తిరిగే వేగం) వేల ఆర్పీఎంలో ఉంటుంది. రోడ్డు మీద పొగ నిబంధనలకి లొంగాలంటే 1,200 దగ్గర నిలకడగా తిరగాలి. 2017లో చూపించిన కారు తయారీ 2022లో మొదలైంది. ఇప్పటికీ అది ముందు కరెంటు మీద కదులుతుంది. పొగని శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్లని కరెంటుతో వేడిచేసి, అవి సిద్ధమయ్యాకే ఇంజన్ని లేపుతుంది.

## సముద్రపు గాలిలో, మన చట్టం కింద

918, పీ1, లాఫెరారీ మూడూ ఎడమ స్టీరింగ్‌తోనే వచ్చాయి. మోటారు వాహనాల చట్టం 1988లోని 120వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత సిగ్నల్ పరికరం లేకుండా ఎడమ స్టీరింగ్ బండిని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. 2025 బడ్జెట్ లెక్కలో విదేశం నుంచి పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కారు మీద సుంకాలన్నీ కలిపి 110 శాతం, దాని మీద జీఎస్టీ. ఇలాంటివి మన వీధుల్లో కనబడకపోవడానికి కారణాలు ఇవి.

ఒకవేళ వచ్చినా తీరప్రాంతంలో వాటికి ఉప్పుగాలి బాధ వేరు. కార్బన్ ఫైబర్ కరెంటుని ప్రవహింపజేస్తుంది. దానికి అల్యూమినియం నేరుగా తగిలి మధ్యలో ఉప్పు తేమ చేరితే అది చిన్న బ్యాటరీలా మారి అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర వేస్తారు, బోల్టులకి పూత పూస్తారు. ఆ పూత గీసుకుపోయిన చోటే తెల్లటి పొడి కనిపించడం మొదలవుతుంది. హై వోల్టేజీ వైపు ఇంకో రకం. వోల్టుకి కనీసం 500 ఓమ్‌ల ఇన్సులేషన్ అనేది అంతర్జాతీయ నిబంధనల్లో ఉన్న కొలత, 400 వోల్టులకి 2 లక్షల ఓమ్‌లు. కారు దీన్ని తనే కొలుచుకుంటూ ఉంటుంది. ఏదో ఒక ఆరెంజ్ కేబుల్ కనెక్టర్ రబ్బరు సీలు ఎండి, లోపలికి తేమ చేరితే విలువ పడిపోతుంది. డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక వెలుగుతుంది, కాంటాక్టర్లు (బ్యాటరీని కారుకి కలిపే పెద్ద స్విచ్‌లు) మళ్లీ మూసుకోవు. పెద్ద భాగమేదీ పాడవకుండానే కారు కదలదు. ఎండాకాలం మాయమై వర్షాకాలంలో తిరిగొచ్చే లోపం అయితే ముందు ఈ కనెక్టర్లనే చూడాలి.

నడపకుండా నిలిపి ఉంచడం ఇంకా ఎక్కువ దెబ్బ తీస్తుంది. లిథియం సెల్ వాడకపోయినా ముసలిదవుతుంది, నిండు ఛార్జి, వేడి రెండూ కలిస్తే త్వరగా. అడుగంటా ఖాళీ అయితే లోపలి రాగి కరగడం మొదలై సెల్ తిరిగి కోలుకోదు. అందుకే నెలల తరబడి నిలిపే కారుని మధ్యస్థమైన ఛార్జిలో, నీడలో ఉంచి, 12 వోల్టుల బ్యాటరీకి మెయింటెయినర్ తగిలిస్తారు. 12 వోల్టులది పడిపోతే హై వోల్టేజీ కాంటాక్టర్లని మూసే దిక్కుండదు. 2013–15 నాటి కార్ల ప్యాకులకి ఇప్పుడు పదేళ్లు దాటాయి. ఆనాటి సెల్స్ కొలతల్లో కొత్తవి దొరకడం కష్టమవుతోంది, 500 కార్ల కోసం బయటి కంపెనీ ఏదీ అచ్చు పోయదు. కొత్త సెల్స్ పెడితే వాటి వోల్టేజీ, నిరోధం మారతాయి కాబట్టి బ్యాటరీ సాఫ్ట్‌వేర్‌నీ మార్చాలి, ఆ తాళం కంపెనీ దగ్గరే ఉంటుంది.